ఆండాళు చెప్పిన ధర

పొద్దున్నే వాకిట్లో సానుపు చల్లి, ముగ్గేసి ఆండాళు లోపలికి వచ్చేసరికి కొడుకు రాజేందర్, కోడలు సంధ్య చాయ్ గ్లాసులు ముందు పెట్టుకుని ఏదో లెక్కలేసుకుంటున్నారు.

"గాలయ్య ఇల్లు అమ్మకానికి వెట్టిన్రట అమ్మా," అన్నాడు రాజేందర్. "నలభై లక్షలు చెప్తున్నరు. మనం ముప్పై ఆరు అడుగుదమనుకుంటున్నం."

ఆండాళు చేతిలో చెంబు కింద పెట్టింది. రోడ్డు కోసం పుట్టింటివాళ్ళు ఇచ్చిన చెలక భూమి పోతే వచ్చిన పరిహారం ఆమె పేరు మీదే బ్యాంకులో ఉంది. నార్కట్‌పల్లిలో ఏ ఇల్లు చూపించినా ఏదో ఒక వంక పెడుతూ వచ్చిన మనిషి, గాలయ్య పేరు వినగానే కొంగు దులుపుకుని కూర్చుంది.

"ఇరవై," అంది.

"ఇరవై ఏందమ్మా?"

"ఇరవై లక్షలు అడుగు. ఒక్క రూపాయి ఎక్కువ చెప్పినా నేను సంతకం వెట్ట."

"ఇరవైకి ఉత్త జాగా గూడ రాదు అత్తమ్మా," అంది సంధ్య. "మనిషిని పిలిచి తిట్టినట్టుంటది."

"తిట్టినట్టు ఉండాల్ననే అడుగుతున్న బిడ్డా. వాని కొడుకు ఎల్లేష్ ఇల్లు కుదవవెట్టి లారీలు కొని నిండ మునిగిండు. నెలాఖరుకు కట్టకుంటే బ్యాంకోళ్లు ఇల్లు వేలం ఏస్తరు. ఎంతిస్తే అంత తీస్కోక ఏం జేస్తరు?"

ఈ కోపం ఎక్కడిదో తెలిసిన రాజేందర్ తల వంచుకున్నాడు. ఎనిమిదేళ్ళ కింద వాళ్ళు ఆ ఇంటి వెనక వాటాలోనే కిరాయికి ఉండేవారు. ఆండాళు భర్త గండయ్య ఆ గదిలో మగ్గం మీదే కుప్పకూలి, నల్లగొండ దవాఖానలో కన్ను మూశాడు. శవాన్ని తెచ్చేసరికి ఇంటి ఓనర్ గాలయ్య గేటుకు తాళం వేసి అడ్డంగా నిలబడ్డాడు.

"కిరాయిదారు పీనుగును నా ఇంట్ల పండవెడితే ఇల్లుకు కీడు. ఎటన్న తీస్కవోండ్రి," అన్నాడు.

వాన పడుతోంది. కట్టుకున్నవాణ్ణి ఆండాళు మురుగు మోరీ ఒడ్డున, ఎవరో తెచ్చి కట్టిన టార్పాలిన్ కింద పడుకోబెట్టుకుంది. కడసారి స్నానం కూడా అక్కడే, దారిన పోయేవాళ్ళ కళ్ళ ముందే జరిగింది. అప్పటి నుంచి చెర్వుగట్టు గుడికి వెళ్ళినా, ఇంట్లో దీపం పెట్టినా ఆమె మొక్కు ఒక్కటే. గాలయ్య చెడిపోవాలి, అది తాను కళ్ళారా చూడాలి.

ఆదివారం ముగ్గురూ బయల్దేరారు. ఆండాళు తన చేత్తో నేసుకున్న పట్టుచీర కట్టింది. గాలయ్య ముందు గదిలోనే, పక్షవాతంతో మంచాన ఉన్నాడు. మూతి వంకర పోయింది, మాట పడిపోయింది. అతని భార్య నర్సింగమ్మ మంచినీళ్ళు తెస్తే ఆండాళు ముట్టలేదు.

"ఇరవై ఇస్త. నెలాఖరుకు ఖాళీ జెయ్యాలె."

ఎల్లేష్ గయ్యిమని లేచాడు. "ఏం, ఎకసక్కాలా? గిదేమన్న గొడ్ల కొట్టమా?"

"వేలంల ఎంతకు వోతదో సూద్దాం మరి."

"నువ్వు ఊకో బిడ్డా," నర్సింగమ్మ కొడుకును ఆపింది. ఆండాళు ముందు చేతులు జోడించింది. "ఇరవైకే ఇస్తం అక్కా. గాని ఒక్క మాట. ఈయన ఇంకెన్నో దినాలు ఉండడని డాక్టర్లు చెప్పిన్రు. పోయేదాంక మీరున్న ఆ ఎనక అర్ర మాకు కిరాయికి ఇయ్యిండ్రి. ఊరంత తిరిగిన. మంచాన వడ్డ మనిషున్నడని ఎవ్వలు ఇల్లిస్తలేరు."

ఎనిమిదేళ్ళుగా ఆండాళు ఎదురుచూసిన ఘడియ ఇదే. తొందరపడలేదు. మంచం దగ్గరికి వెళ్ళి, గాలయ్య కళ్ళలోకి చూస్తూ ఒక్కో మాటా నొక్కి పలికింది.

"కిరాయిదారు పీనుగును నా ఇంట్ల పండవెడితే ఇల్లుకు కీడు. ఎటన్న తీస్కవోండ్రి."

గాలయ్య కంటి నీరు చెవిలోకి కారింది. నర్సింగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇందాక ఎగిరిపడ్డ ఎల్లేష్ వచ్చి ఆండాళు కాళ్ళ మీద పడ్డాడు.

"పెద్దమ్మా, మా బాపును రోడ్డు మీద ఎయ్యకు. నీ కాళ్లు మొక్కుత."

ఆండాళు విసురుగా కాళ్ళు వెనక్కి లాక్కుంది. రాజేందర్ వంగి ఎల్లేష్‌ను రెక్క పట్టి లేపి, తల్లి వైపు తిరిగాడు.

"నాకు గీ ఇల్లు వద్దే అమ్మా. ఊకెనే ఇచ్చినా వద్దు."

"మీ బాపును మర్చినవారా?"

"మర్వలే! ఆ దినం నువ్వు బాపు తలకాయ ఒళ్లె వెట్టుకొని కూసున్నవు. నేను గేటు కాడ ఈయన కాళ్లు వట్టుకున్న. ఇప్పుడు ఎల్లేష్ వట్టుకున్నట్టే. కాలుతోటి నూకిండు. ఎన్నడు నీకు చెప్పలే, గా ముచ్చట ఇంటే నువ్వు బతకవనుకున్న. ఇయ్యాల నువ్వు కాళ్లు గుంజుకుంటే..." మంచం మీది గాలయ్య వైపు చెయ్యి చూపించాడు. "అచ్చం ఈయన లెక్కనే కనవడ్డవమ్మా."

అతను బయటికి వెళ్ళిపోయాడు. సంధ్య వెనకే పరుగెత్తింది.

ఆండాళుకు ముందు కోపమే వచ్చింది. కొడుకును తన్నిన ఆ కాలు విరగ్గొట్టాలనిపించింది. దుప్పటి తొలగిపోయి ఆ కాలు ఎదురుగానే ఉంది, ఎండిన జొన్నకట్టెలా. విరగ్గొట్టడానికి అందులో ఏమీ మిగల్లేదు. ఇన్నేళ్ళూ మొగుడి కోసం పగ మోశానని అనుకుంది గానీ, ఒకే ఇంట్లో ఉన్న కొడుకు గుండెలో ఏముందో ఒక్కనాడూ అడగలేదు. వంగి దుప్పటి లాగి ఆ కాలు మీద కప్పింది.

"గాలయ్యా, నిన్ను నేను మాఫ్ జెయ్యలే. జెయ్య గూడ. గాని నీ పీనుగు గీ ఇంట్లకెల్లే లేస్తది. నర్సింగమ్మా, ఎనక అర్ర ఎందుకు, ఆయనను ఈడనే ఉంచు. మాకేం తొందర్లేదు."

గేటు బయట రాజేందర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె వెళ్ళి అతని వీపు మీద చెయ్యి వేసింది.

"ఎంత అడుగుదమన్నవు బిడ్డా?"

"ముప్పై ఆరు."

"లోపటికి వొయ్యి నువ్వే చెప్పు. నాకు నోరొస్తలేదు."

రిజిస్ట్రేషన్ అయిన కొన్నాళ్ళకే గాలయ్య పోయాడు. శవాన్ని ముందు గదిలో పడుకోబెట్టారు. ఏడవనని గట్టిగా అనుకునే ఆండాళు వచ్చింది. కానీ నర్సింగమ్మ తన మెడకు చుట్టుకుని శోకం పెట్టేసరికి ఆమెకూ ఏడుపు తన్నుకొచ్చింది. అది గాలయ్య కోసం కాదు. రోడ్డు మీద పదిమంది చూస్తున్నారని, శత్రువు ముందు కన్నీరు పెట్టనని ఆనాడు పంటి బిగువున ఆపుకున్న ఏడుపు. ఇన్నేళ్ళకు, నీడ పట్టున కూర్చుని, ఆండాళు తన గండయ్య కోసం కడుపారా ఏడ్చింది.