రొయ్యతలల రైలుకట్ట

ఆ తోటకి చెడ్డపేరు రావడానికి ముందు చెడ్డ వాసన వచ్చింది. అందుకే ఆ చుట్టుపక్కలవాళ్ళు ఇప్పటికీ "రైలుతోటలో దెయ్యం" అనగానే ముందు ముక్కు మూసుకుని, ఆ తరవాత భయపడతారు. పాలకొల్లుకి దిగువన, కాలవ సముద్రం వైపు తిరిగే మలుపులో ఉంటుందా కొబ్బరితోట. అసలు జరిగింది ఏదైనా, చీకటి పడ్డాక దాని గట్టున నడిచినవాడు లేడు. తప్పనిసరైతే పడవెక్కి అవతలి ఒడ్డుకి దాటి, చుట్టు తిరిగి పోయేవాళ్ళు.

ఆ తోటలో ఏముందంటే — రైలు.

నవ్వకండి. రాజమండ్రి దగ్గర గోదావరికి రైలు వంతెన కడుతున్న రోజులవి. తోట ఆసామి పల్లంరాజు గారు ఏదో పనిమీద రాజమండ్రి వెళ్ళి, అక్కడ రైలింజను చూసి, వెళ్ళిన పని మరిచిపోయి తిరిగొచ్చారు. వచ్చిన వారానికల్లా కొబ్బరిచెట్ల మధ్య గజం వెడల్పు కట్ట పోయించారు. దానిమీద మూరెడేసి తాటిదుంగలు పరిపించారు. కమ్మరి అప్పాజీ చేత ఇనప బద్దీలు సాగగొట్టించి వాటిమీద బిగించారు. వడ్రంగి చేత ఒక కొయ్య ఇంజను, దానికి ఇత్తడి చెంబు బోర్లించిన పొగగొట్టం, వెనకాల మూడు పెట్టెలు చేయించారు. మోకాలెత్తు రైలు... నూతి దగ్గర బయల్దేరి, తోటంతా తిరిగి, మళ్ళీ నూతి దగ్గరికే వచ్చేది.

దాన్ని లాగేది ఆవిరి కాదు, పాలేరు సత్తియ్య. నడుం రెండుగా వంచి, భుజాన తాడేసుకుని, ఆ ముసలాడు మిట్టమధ్యాహ్నం పరుగెత్తేవాడు. రాజుగారు గొడుగు నీడన కుర్చీలో కూచుని "ఇంకా జోరుగా!" అనేవారు. చుట్టాలెవరు వచ్చినా ఇదే తంతు. ఆయన మాత్రం ఆ రైలుని వేలితో కూడా తాకేవారు కాదు. అంతటి మనిషి బొమ్మలతో ఆడితే పరువేం కావాలి? కుర్చీ కింద ఆయన పాదాలు మాత్రం ఒకచోట ఉండేవి కావు.

అక్కడితో ఆగినా బాగుండేది. రాజమండ్రిలో రైలుకట్ట నిండా పచ్చటి గరిక ఉందనీ, తన కట్ట బోడిగా ఉందనీ ఆయనకి దిగులు పట్టుకుంది. కొబ్బరిచెట్లకి రొయ్యతలలు ఎరువు వెయ్యడం ఆ సీమలో మామూలే. అయితే బాగా ఎండినవి తెచ్చి, గొయ్యి తీసి పాతి, మట్టి కప్పుతారు. రాజుగారికి అంత ఓపిక ఎక్కడిది? జాలరిపేట నుంచి పచ్చివి తెప్పించి, నీళ్ళు ఓడుతుండగానే కట్ట పొడుగునా, పట్టాల మధ్యా దట్టంగా పులిమించారు. పైన మట్టి వేస్తే పట్టాలు కప్పబడిపోతాయట!

ఆ తట్టలు మోసింది జాలరిపేట మరిడమ్మ, ఆవిడ కోడలు చిట్టెమ్మ. చిట్టెమ్మకి మూడోనెల. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించి చేపల మధ్య పెరిగిన పిల్లే గానీ, ఆ వేవిళ్ళలో ఆ పని ఆవిడ ప్రాణానికొచ్చింది. తట్ట దించడం, కాలవ ఒడ్డుకి పరుగెత్తి డోక్కోవడం, మళ్ళీ తట్ట ఎత్తుకోవడం. నాలుగోరోజుకి కట్టంతా బూడిదరంగు జిగురులా తేలి, ఈగలు ముసిరి, కాకులు కూడా వద్దనుకుని వెళ్ళిపోయాయి.

"అత్తా, రొయ్యని ఇలా పైపైన పడెయ్యడం ఎక్కడైనా ఉందా?" అంది చిట్టెమ్మ.

"ఆయనకి చెప్పే నోరు నీకుందా, నాకుందా? నడువ్," అంది మరిడమ్మ.

అయిదోరోజు రాత్రి సత్తియ్య కేకలు పెడుతూ తోటలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఇంటి అరుగు దగ్గర పడిపోయాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. వణుకుతూ ఒకటే మాట —

"రైలు నడుస్తోందండి... నీలం మంటల్లో... తాడు లేదండి, లాగే మనిషి లేడండి... కూత వేస్తోందండి..."

మర్నాడు రాజుగారి పాడావు ఈనలేక చచ్చిపోయింది. ఇంకేం కావాలి? రొయ్యతలల్లో మరిడమ్మ ఏదో కలిపి తెచ్చిందన్నారు. ముండమోసింది కదా, చిల్లంగి, అంటే చేతబడి, పెట్టిందన్నారు. ఆ రోజుల్లో చిల్లంగి పెట్టినదని పేరుపడితే ముందుపళ్ళు పీకేసేవాళ్ళు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని నమ్మకం. అది కూడా పొద్దు పొడవకముందు, పరగడుపున పీకాలట. ఈ రోత పనికి కూడా ఒక ముహూర్తం!

పంచాయితీ రాజుగారి వాకిట్లోనే జరిగింది. ఆయన మీసం దువ్వుకుంటూ అంతా విన్నారు. చివరికి నేలచూపులు చూస్తూ, "పదిమందీ ఏదంటే అదే," అన్నారు. మరిడమ్మని పశువులపాకలో కట్టేశారు. పట్టకారు తెమ్మని అప్పాజీకి కబురు పోయింది.

చిట్టెమ్మ మొగుడు పెదబాబు వేటకెళ్ళి మూడురోజులైంది. అడ్డుపడే దిక్కు లేదు. చీకటి చిక్కబడ్డాక ఆవిడ పాక వెనక చేరి, తడిక సందులోంచి గుసగుసగా పిలిచింది.

"అత్తా..."

"ఎందుకొచ్చావే? కడుపుతో ఉన్నదానివి, పో ఇంటికి."

"నిన్నొదిలి ఎలా పోనూ?"

మరిడమ్మ తడిక వైపు తల తిప్పింది. "నా పళ్ళు పోతే గంజి తాగి బతుకుతానే. కానీ పళ్ళు పీకించుకున్నదాని తట్టలో చేప ఎవరు కొంటారు? రేపు నీ బిడ్డని చూసి చిల్లంగిదాని మనవడంటారు. అది తల్చుకుంటేనే..."

చిట్టెమ్మకి ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. ఆ వాకిట్లో తలలూపిన పెద్దమనుషుల మీద, మీసం దువ్వుకుంటూ కూచున్న ఆ మనిషి మీద, పొద్దున్నే నీళ్ళు కాగబెట్టుకుని స్నానాలు చేసి మరీ ఇలాంటి పనికి వస్తారే, ఆ ఊరంతటి మీద ఒళ్ళంతా జలదరించేంత ఏవగింపు పుట్టింది. ఆ ఏవగింపే ఆవిడని నడిపించింది. దెయ్యమో, దాని అబ్బో, ఆ రైలుని లాగేది ఏదో కళ్ళారా చూడాలనుకుంది. కొంగు ముక్కుకి గట్టిగా బిగించి తోటలోకి నడిచింది.

అమావాస్య ముందు రోజు. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. నాలుగడుగులు వేసేసరికి కొంగులోంచి కూడా ఆ కంపు గొంతులోకి దిగింది. నిలబడి, మింగి, మళ్ళీ నడిచింది...

అప్పుడు కనపడింది.

చెట్ల మధ్య నేలమీద నీలం గీత. వంకర తిరుగుతూ, తోటంతా చుట్టుకుని, మసకమసగ్గా వెలుగుతోంది. మంట కాదు. పొగ లేదు. వేడి లేదు. ఊరికే... వెలుగు.

చిట్టెమ్మ ఉన్నచోటే ఆగిపోయింది.

కిర్రు... కిర్రు... కిర్రు...

నూతి వైపు నుంచి వస్తోంది. చక్రాల చుట్టూ నీలం వెలుగు. ముందు ఇంజను, వెనక పెట్టెలు. పెట్టెల వెనకాల, నేలకి అంటుకుపోయి ఇంకేదో పాకుతోంది. దానికి తల లేదు. ఒళ్ళు లేదు. నాలుగు కాళ్ళు మాత్రం ఉన్నాయి... నాలుగూ నీలంగా వెలుగుతూ, ఒకటి తరవాత ఒకటి పడుతూ...

దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది.

ఉన్నట్టుండి ఆగింది. మనిషి ఛాతీ ఎత్తున చీకట్లో ఒక నోరు వెలిగింది. ముఖం లేదు, కళ్ళు లేవు. నోరొక్కటే. ఆ నోట్లోంచి సన్నగా, పొడుగ్గా ఈల వచ్చింది.

"కూ... ఊ... ఊ..."

చిట్టెమ్మ అరవబోయింది. అరుపు రాలేదు, వాంతి వచ్చింది. ఉగ్గబట్టినదంతా ఒక్కసారి ఎగదన్ని, నాలుగడుగుల దూరంలో ఉన్న ఆ రైలింజను మీదే భళ్ళున కక్కింది.

ఆ నోరు ఠక్కున మూసుకుంది. నాలుగు కాళ్ళలో రెండు పైకి లేచాయి. మిగతా రెండు కాలవ వైపు పరుగో పరుగు!

చాలాసేపు చిట్టెమ్మ అక్కడే కూచుండిపోయింది. నోరు తుడుచుకుంటూ నేలకి చెయ్యి ఆనించింది. ఆ చేతిని చూసుకుంది. తన అరచెయ్యి కూడా నీలంగా వెలుగుతోంది.

అప్పుడు చిన్నతనం గుర్తొచ్చింది. అయ్య పడవ అడుగున, పడేయడం మరిచిపోయిన రొయ్యలు కుళ్ళి, చీకట్లో ఇలాగే వెలిగేవి. ముట్టుకుంటే వేళ్ళకి అంటేది. "దీపం ఖర్చు లేదే మనకి," అని అయ్య నవ్వేవాడు. చేలవాళ్ళకి ఇది తెలిసే వీల్లేదు. వాళ్ళు రొయ్యతలల్ని ఎండాకే చూస్తారు.

అయితే ఆ పాకింది?

పారిపోయిన దారంతా నేలమీద నీలం అడుగులు పడి ఉన్నాయి. చిట్టెమ్మ వంగి చూసింది. దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. ఈ వేళ్ళు వెళ్ళిన వైపే ఉన్నాయి. అడుగులు కాలవమెట్ల దాకా సాగి, నీళ్ళ దగ్గర ఆగిపోయాయి. కాళ్ళూ చేతులూ కడుక్కుని పోయాడు, ఎవడో మనిషి. ఎంత కడిగినా ఈ జిగురు ఎక్కడో ఒకచోట అంటుకునే ఉంటుంది. ఎవడు?

తొలికోడి కూసింది.

చిట్టెమ్మ పశువులపాక దగ్గరికి వచ్చేసరికి ఊరి మగాళ్ళంతా మూగి ఉన్నారు. ఇంకా చీకటిగానే ఉంది. పాక రాట మొదట్లో నేలమీద ఒకటే లాంతరు. మరిడమ్మని మోకాళ్ళ మీద కూచోబెట్టి, ఇద్దరు భుజాలు అదిమి పట్టుకున్నారు. అప్పాజీ పట్టకారుతో నిలబడ్డాడు. ఒక మూల గోనె మీద సత్తియ్య జ్వరంతో మూలుగుతున్నాడు. రాజుగారు ఉత్తరీయం కప్పుకుని కాస్త దూరంగా ఉన్నారు. ఆయన ఎప్పట్లా మీసం దువ్వడం లేదు.

"అయ్యగారండీ, ఒక్కమాటండి," అంది చిట్టెమ్మ. "ఆ దెయ్యాన్ని నేను చూశానండి. అది మనిషేనండి. ఈ ఊరి మగాళ్ళంతా ఇక్కడే ఉన్నారు కదండి, వాడూ ఇక్కడే ఉంటాడండి. దీపం ఆర్పితే కనపడతాడండి."

"దీన్ని అవతలికి లాగండిరా! కానీ అప్పాజీ, కానీ!" అన్నారు రాజుగారు.

అప్పాజీ వంగాడు. పట్టకారు మరిడమ్మ పెదాల్ని తాకింది.

చిట్టెమ్మ ఒక్క ఉదుటున వెళ్ళి లాంతరుని కాలితో తన్నింది.

చీకటి...

"ఎవర్రా అది! లాంతరు... లాంతరు వెలిగించండిరా!"

ఆ గొంతు వచ్చిన వైపు అందరూ తల తిప్పారు. తిప్పినవాళ్ళు తిప్పినట్టే ఉండిపోయారు.

చీకట్లో, మనిషెత్తున, నీలంగా ఒక మీసం వెలుగుతోంది. దాని కింద రెండు పెదాలు. పెదాల మధ్య రెండు వరసల పళ్ళు. ఆ కుళ్ళులో పొర్లిన వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసిన నోరు అది. కాళ్ళు కడుక్కుని, చేతులు కడుక్కుని, మూతి సంగతి మరిచిపోయిన నోరు. పగలు తాకితే పరువు పోతుందని రాత్రిళ్ళు గొంగళి కప్పుకుని, మోకాళ్ళ మీద పాకుతూ రైలాట ఆడి, ఆ ఆట బయటపడకుండా ఒక ముసలిదాని పళ్ళు పీకమన్న నోరు.

థూ! చిట్టెమ్మ నేలమీద ఉమ్మింది. ఈసారి వేవిళ్ళ వల్ల కాదు.

"అదేనండి..." మూలనుంచి సత్తియ్య గొంతు పీలగా లేచింది. "ఆ నోరేనండి నేను చూసింది..."

నీలం పళ్ళు ఠక్కున మూసుకున్నాయి. మరిడమ్మ భుజాల మీద చేతులు వాటంతటవే వదులయ్యాయి. చీకట్లో పట్టకారు ఒకసారి టక్కుమంది. అప్పాజీ చాలా మర్యాదగా అడిగాడు.

"ఇప్పుడు ఎవరి పళ్ళు పీకమంటారండీ?"

ఎవరూ లాంతరు వెలిగించలేదు.