ఆరు కెమెరాల నట్టనడుమ

ఆ వీధి చివరి మేడకు "సగం మనిషి మేడ" అని పేరు. పై హాల్లో చీకటి పడ్డాక ఎవరో తిరుగుతారట... ఒక కాలు, ఒక చెయ్యి, సగం మొహం. చూసిందెవరని అడిగితే మాత్రం ప్రతివాళ్లూ పక్కింటివైపు వేలు చూపించేవారు.

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. డాన్సు టీచరు ఏరికోరి ఆ హాలే అద్దెకు తీసుకుంది. ఒక్క పిల్లా చేరలేదు. బతుకంతా ఆ బడి మీదే పెట్టుకున్న మనిషి, చివరికి తమ్ముణ్ణి పట్టుకుంది.

తమ్ముడి ముద్దుపేరు అతుకులబ్బాయి. వేరువేరు కెమెరాల వీడియోలను అతుకు కనపడకుండా కలిపి, నాలుగు గోడలూ చుట్టూ చూపించే ఒకే వీడియో చెయ్యడం అతని పని.

"రాత్రంతా తియ్యరా. హాల్లో ఏమీ లేదని పిల్లల తల్లిదండ్రులకు చూపిస్తా. ఒక్క మూలా వదలకు."

"మూల వదలను గానీ... నువ్వు నా చెయ్యి వదలకు" అన్నాడు తమ్ముడు.

హాలు మధ్యలో స్టాండు. దాని చుట్టూ ఆరు కెమెరాలు, అన్నీ బయటివైపు చూస్తూ. అవి ఆన్ చేశాక స్టాండు దగ్గర నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టాలి. తర్వాత ఆరింట్లోనూ ఆ చప్పుడు ఎక్కడుందో చూసి కాలం సరిపెట్టుకుంటారు. ఆ పనిలో అదొక ఆనవాయితీ.

తమ్ముడు వాటిని ఆన్ చేశాడు... వెనక కిటికీ రెక్క కిర్రుమంది... ఇక మెట్లు అతని కాళ్లకు తగిలితే ఒట్టు! కింద తలుపు ధడాలున వేసి, అక్కడి గదిలో అక్క ఇచ్చిన దుప్పటి ముసుగు తన్నాడు.

పొద్దున్నే ఆత్రంగా ఆరు వీడియోలూ పక్కపక్కన అతికించి ఆడించాడు. ఖాళీ గోడలు... కిటికీలు...

ఉన్నట్టుండి — సగం మనిషి!

ఒక కాలు, ఒక చెయ్యి, అడుగులేస్తూ వచ్చి మాయమైంది. కాస్త ఆగి, పక్క గోడ దగ్గర మిగతా సగం!

అక్క అతని జబ్బ పట్టుకుంది. "ఒరేయ్... నా బడి అయిపోయిందిరా." అంతలోనే కళ్లు చికిలించింది. "అయినా... దానికి నా పచ్చ శాలువా ఎలా వచ్చింది?"

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"అది నేనేరా! అర్ధరాత్రి నిద్ర పట్టక, నేల గట్టిదో కాదో చూద్దామని నాలుగడుగులు వేశా!"

తమ్ముడు నేలమీద పడి దొర్లాడు. కాలం సరిపెట్టకుండా అతికిస్తే, మనిషి ఈ కెమెరా దాటిపోయాక గానీ పక్కదాంట్లోకి రాదు. అతుకు దగ్గర సగమే మిగులుతుంది. అలవాటు కొద్దీ ఆరింట్లోనూ చప్పట వెతికి కలిపేసరికి, సగం మనిషి కాస్తా నిండైన అక్కయి హాలంతా గిరగిరా తిరిగింది.

సాయంత్రం తల్లిదండ్రులు చూసి పొట్టలు చెక్కలయ్యేలా నవ్వారు. పిల్లల్ని చేర్పించారు కూడా!

"ఆ ఒక్క చప్పటా భలే కొట్టావురా!" అంది అక్క.

తమ్ముడు పొంగిపోయి, శబ్దం పెంచి మొదటినుంచీ వినిపించాడు. కిటికీ కిర్రు... తన చెప్పులు టపటపా మెట్లు దిగడం... కింద తలుపు ధడేల్...

ఆ తర్వాత — ఫట్!

అతని నవ్వు ఆగిపోయింది. భయంలో తను చప్పట కొట్టనేలేదు.

"అక్కా... అప్పుడు నువ్వు పైనున్నావా?"

"కింద నీకు దుప్పటి ఇచ్చిందెవర్రా?"

ఆరు కెమెరాల్లోనూ చప్పుడు ఒకేలా వినిపిస్తోంది. కొట్టినవాళ్లు నిలబడింది నట్టనడుమ... ఆరు కెమెరాలూ చూడలేని ఒకే ఒక్క చోట.

అక్క లేచింది. మెట్ల దగ్గరకెళ్లి, పైకి చూస్తూ మెల్లగా అంది.

"రేపు పిల్లలొస్తారు... అడుగులకు కాస్త తాళం వేసిపెడతారా?"

పైనుంచి... ఫట్... ఫట్... ఫట్... ఒక్కటీ తప్పలేదు.