రూతు కొన్న వైడ్ లెన్సు

శనివారం ఉదయం స్టూడియో తలుపుకి తాళం లేదు. కోసేసిన తాళం కప్ప గుమ్మం పక్కన పడి ఉంది.

సామర్లకోట స్టేషన్ రోడ్డులో మందుల షాపు మీద మేడగది అది. లోపల బీరువా బార్లా తెరిచి ఉంది. కెమెరా బ్యాగు లేదు. సొరుగులో ఉండాల్సిన హార్డ్ డిస్క్ లేదు.

రూతు బీరువా ముందు మోకాళ్ళ మీద కూర్చుని సొరుగులన్నీ లాగి చూసింది. ఆ స్టూడియోలో ఆమెది సగం వాటా. మిగతా సగం ఉదయ్‌కుమార్‌ది.

పోలీసులకి ఫోన్ చేసింది ఉదయ్. స్టేషన్‌కి కాదు, నేరుగా ఎస్సై విజయ్ పాల్ ఇంటికి.

“ఒరేయ్, నువ్వే రావాలి. వేరేవాళ్ళయితే సరిగ్గా చూడరు,” అన్నాడు.

విజయ్ పాల్ టిఫిన్ మధ్యలో లేచి వచ్చాడు. పిలిచింది ఉదయ్ మరి. పెద్దాపురంలో మిషన్ హాస్టల్లో ఇద్దరూ పక్కపక్క చాపల మీద పడుకుని పదో తరగతి దాకా చదివారు. విజయ్ పాల్ పెళ్ళి వీడియో తీసింది ఉదయే. తండ్రి పోయినప్పుడు శవపెట్టెకి ఓ వైపు భుజం పట్టిందీ ఉదయే.

“చివరిసారి తాళం ఎవరు వేశారమ్మా?”

“నేనేనండి. నిన్న సాయంత్రం ఆరింటికి,” అంది రూతు.

“బ్యాగులో ఏమేం ఉన్నాయి?”

“మిర్రర్‌లెస్ కెమెరా బాడీ. పదహారు ఎంఎం వైడ్ లెన్సు. మైకు. రెండు మెమరీ కార్డులు.”

“పై అరలో ఆ తెల్ల లెన్సు?”

“అది జూమ్ అండి. దాన్ని ముట్టుకోలేదు.”

విజయ్ పాల్ దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. మోచేయంత పొడవుంది, బరువుగా ఉంది. కెమెరాల గురించి ఏమీ తెలియని దొంగయినా ముందు దీన్నే ఎత్తుకుపోతాడు.

“కెమెరా పోతే పోయింది సార్,” అంది రూతు. “కార్డుల్లో వీరబ్రహ్మం గారు ఉన్నారు.”

ఆ పేరు విజయ్ పాల్ పేపర్లో చదివాడు. యానాం అవతల సముద్రం మీద వేటకెళ్ళిన బోటుని ఒక ప్రైవేటు కంపెనీ సరుకులు మోసే బార్జి గుద్దేసింది. బోటులో ఉన్నవాళ్ళలో బతికి బయటపడింది వీరబ్రహ్మం ఒక్కడే. బార్జికి లైట్లు లేవని అతను చెప్పాడు. ఉన్నాయని కంపెనీ చెప్పింది. ఉప్పునీళ్ళు మింగిన ఊపిరితిత్తులు బాగుపడక పోయిన నెలలో అతనూ చనిపోయాడు.

చనిపోకముందు రూతు అతని చేత మొత్తం చెప్పించి వీడియో తీసింది. ఎల్లుండి సోమవారం విచారణ అధికారి ముందు దాన్ని పెట్టాలి.

“కాపీ ఎక్కడా లేదా?”

“కెమెరాలో రెండు కార్డుల మీదా ఒకేసారి రికార్డవుతుందండి. ఒకటి పాడైతే ఇంకోటి ఉండాలని. తరవాత హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాం. ఇంకో కాపీ...” రూతు ఉదయ్ వైపు చూసింది. “ఉదయన్న చేస్తానన్నాడు.”

“ఫంక్షన్ల హడావిడిలో పడిపోయానురా,” అన్నాడు ఉదయ్. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “వీరబ్రహ్మం నాకు మావయ్య. మా మేనత్త అప్పాయమ్మకి ఏం చెప్పుకోవాలో తెలీటం లేదు.”

విజయ్ పాల్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“ఆ కెమెరా ఎవరు ఎంచారు?” అని రూతుని అడిగాడు.

“బాడీ ఉదయన్నే ఎంచాడండి. రాజమండ్రిలో షాపులన్నీ తిప్పాడు. పడవలో నిలబడి తీసినా బొమ్మ కుదపకూడదు, చీకటింట్లో తీసినా మచ్చలు రాకూడదు, మనిషి కదిలినా ఫోకస్ కంటి మీదే ఉండాలి, రెండు కార్డులు పట్టాలి. ఇన్నీ చూసి ఇప్పించాడు. లెన్సు దగ్గరే మాకు పడలేదు. పెళ్ళిళ్ళకి పనికొస్తుంది, ముఖాలు దగ్గరగా పడే ఎనభై ఐదు ఎంఎం తీసుకో అన్నాడు. నేను వైడ్ కావాలన్నాను. మా పల్లెల్లో ఇళ్ళు ఇరుకండి. నాలుగడుగులు వెనక్కేస్తే వీపుకి గోడ తగులుతుంది. మనిషీ, ఆ మనిషి బతికే ఇల్లూ ఒకే ఫ్రేములో పడాలంటే వైడే గతి.”

“దండగని అప్పుడే చెప్పాను,” అన్నాడు ఉదయ్. “నా దగ్గర ముప్ఫై ఐదు, ఎనభై ఐదు ఉన్నాయి. నిన్న పెద్దాపురంలో ఓణీల ఫంక్షన్‌కి ఆ రెండే పట్టుకెళ్ళాను. ఏడింటి నుంచి భోజనాలయ్యేదాకా అక్కడే ఉన్నాను.”

విజయ్ పాల్ తల ఊపాడు. నిన్న ఎక్కడున్నావని తను అతన్ని ఇంకా అడగలేదన్న సంగతి అప్పుడు తోచలేదు.

“ఎవరి మీదైనా అనుమానం ఉందా?”

“రాజమండ్రిలో గణేష్‌బాబు ఉన్నాడు. కెమెరాలు అద్దెకిస్తాడు. ఆ బాడీ అమ్మమని రూతు వెంట పడ్డాడు,” అన్నాడు ఉదయ్.

మధ్యాహ్నానికి విజయ్ పాల్ రాజమండ్రిలో ఉన్నాడు.

గణేష్‌బాబు నొచ్చుకున్నాడు. అమ్మమని అడిగిన మాట నిజమేనన్నాడు. శుక్రవారం సాయంత్రం ఎక్కడున్నావంటే సీసీటీవీ తిప్పి చూపించాడు. దీపాలు పెట్టే వేళ నుంచి షట్టర్ దించేవరకూ కౌంటర్ వెనకే కూర్చుని ఉన్నాడు.

తిరుగుదారిలో విజయ్ పాల్‌కి ఆ తెల్ల జూమే గుర్తొస్తోంది. కెమెరాల దొంగ దాన్ని వదలడు. కెమెరాల దొంగకి సొరుగులో హార్డ్ డిస్క్‌తో పని లేదు. వచ్చినవాడు వీరబ్రహ్మం మాటల కోసం వచ్చాడు. కెమెరా తీసుకెళ్ళింది మన కళ్ళు కప్పడానికి.

ఆ మాటలు ఎక్కడున్నాయో ఎవరికి తెలుసు? రూతుకి. అప్పాయమ్మకి. ఉదయ్‌కి.

మూడో పేరు దగ్గర అతని ఆలోచన ఆగింది. జీపు పెద్దాపురం వైపు తిప్పమన్నాడు. ఉదయ్ చెప్పింది నిజమని ఒకసారి చూసుకుంటే ఆ పేరు కొట్టేయొచ్చు. నిజానికి అతను వెళ్ళింది అందుకే.

ఓణీల ఫంక్షన్ జరిగింది బేబీ అనే ఆవిడ ఇంట్లో. కూతురు రమ్యశ్రీకి ఇంకా చేతుల మీద గోరింటాకు పోలేదు.

“ఉదయ్ గారా? ఏడు కాకముందే వచ్చారండి. అందరూ వెళ్ళేదాకా ఉన్నారు,” అంది బేబీ. “మచ్చుకి కొన్ని క్లిప్పులు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి వెళ్ళారు. చూస్తారా?”

టీవీలో పెట్టింది. వాకిట్లో షామియానా, మేళం, అక్షింతలు. విజయ్ పాల్ మనసు తేలికపడింది. లేవబోయాడు.

“ఇది చూడండి. అందరూ పడాలని మా అత్తగారే అడిగి తీయించారు,” అంది బేబీ.

లోపలి గదిలో రమ్యశ్రీకి పూలజడ వేస్తున్నారు. మంచం, అద్దం, చుట్టూ పదిమంది ఆడవాళ్ళు, రెండు పక్కగోడలు, పైన దూలాలు, కింద గచ్చు. గదంతా ఆ ఒక్క షాట్‌లో ఉంది.

“ఈ గది ఎక్కడుందండీ?”

బేబీ చూపించింది. గుమ్మంలో నిలబడి విజయ్ పాల్ గదిని ఆ గోడ నుంచి ఈ గోడ దాకా చూశాడు. బేబీ మంచినీళ్ళు తెచ్చిస్తే తాగడం కూడా మరిచిపోయాడు.

జీపులోంచి గణేష్‌బాబుకి ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. లేదని జవాబు వచ్చింది.

ఆదివారం ఉదయం బేబీ ఇంటికి ఉదయ్ కెమెరా బ్యాగుతో వచ్చాడు. అప్పటికే రూతు అక్కడ ఉంది. పక్కన కుర్చీలో అప్పాయమ్మ కూర్చుని ఉంది. పల్లె నుంచి తొలి బస్సుకే వచ్చేసింది.

“ఇక్కడికెందుకురా?” అన్నాడు ఉదయ్.

“ఒక షాట్ గురించి. లెన్సులు తెచ్చావా?”

“తెమ్మన్నావుగా. రెండూ ఉన్నాయి.”

విజయ్ పాల్ ఫోన్‌లో ఆ పూలజడ క్లిప్పు చూపించాడు.

“శుక్రవారం ఈ గుమ్మంలోంచి నువ్వు తీసింది. మళ్ళీ అలాగే తియ్యి.”

ఉదయ్ నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. ముప్ఫై ఐదు లెన్సు బిగించి కెమెరా ఎత్తాడు.

స్క్రీన్ మీద మంచం పడింది. మంచం వెనక గోడ పడింది. అద్దం లేదు. పక్కగోడలు లేవు.

“వెనక్కి జరుగు.”

ఉదయ్ జరిగాడు. వీపు వసారా గోడకి ఆనింది. ఇప్పుడు ఫ్రేములో సగం తలుపు చట్రమే ఉంది.

“ఇంకా వెనక్కి.”

“గోడ ఉంది.”

“శుక్రవారం కూడా ఉందా?”

ఉదయ్ కెమెరా దించాడు.

“ఫోన్‌తో తీశానేమో. గుర్తులేదు.”

“ఇది నీ కెమెరా ఫైలు. నువ్వే కాపీ చేసి బేబీ గారికిచ్చావు.”

“ఏ లెన్సుతో తీశామో వీడియో ఫైల్లో ఉండదు కదరా.”

“ఉండదు. అందుకే గది దగ్గరికి వచ్చాం.”

“అద్దెకి తెచ్చాను.”

“ఎక్కణ్ణుంచి? గణేష్‌బాబుని అడిగాను, ఇవ్వలేదన్నాడు. ఇంకో షాపు పేరు చెప్పు, ఇప్పుడే ఫోన్ చేద్దాం.”

ఉదయ్ లెన్సుకి మూత పెట్టేశాడు.

“రెండే లెన్సులు పట్టుకెళ్ళానని నిన్న పొద్దున నువ్వే అన్నావు. నేను అడక్కముందే అన్నావు,” అన్నాడు విజయ్ పాల్. అతని గొంతు పెరగలేదు. “రూతు ఆరింటికి తాళం వేసి వెళ్ళింది. నీ దగ్గర తాళంచెవి ఉంది. అయినా బయటి దొంగ పని అనుకోవాలని తాళం కోశావు. బ్యాగూ డిస్కూ తీసుకుని తిన్నగా ఇక్కడికి వచ్చావు. జూమ్ ఎందుకు వదిలేశావో నాకు తెలీలేదు.”

“నా ఫంక్షన్ బ్యాగులో రూతు బ్యాగు పెట్టాక అది పట్టలేదు,” అన్నాడు ఉదయ్, మెల్లగా.

బేబీ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇక్కడ అందరూ ఒకే ఫ్రేములో పడాలని ఇంటి పెద్దావిడ అడిగింది. నీ లెన్సులతో పడలేదు. ఇంత బాగా పడే లెన్సు బ్యాగులోనే ఉంది. రూతు కెమెరా, నీ కెమెరా ఒకే కంపెనీవి. బిగించేశావు. ఏడింటికి ఇక్కడున్నావని ఆ క్లిప్పు చెబుతోంది. ఏడింటికి ఆ లెన్సు నీ దగ్గరుందని కూడా చెబుతోంది.”

రూతు లేచి నిలబడింది. “అన్నా,” అంది.

“బార్జి కంపెనీ వాళ్ళు నా దగ్గరికి వచ్చారు,” అన్నాడు ఉదయ్, నేల చూస్తూ. “వాళ్ళ వీడియో పని మొత్తం నాకిస్తామన్నారు. ఎన్నాళ్ళని ఈ పూలజడలు తియ్యను? మావయ్య ఎలాగూ పోయాడు. ఆ వీడియో ఉంటే మాత్రం తిరిగొస్తాడా?”

“డిస్క్ ఏది?”

“యానాం వంతెన మీంచి గోదాట్లో వేసేశాను. ఒక కార్డు విరిచేశాను. రెండోది కెమెరాతో పాటు ఇంట్లో అటక మీద ఉంది. అది చెరపడానికి చెయ్యి రాలేదురా. ఆయన గొంతు ఉంది కదా అందులో.”

“చెయ్యి రాక కాదు,” అంది రూతు. “రేపు కంపెనీ వాళ్ళు మాట తప్పితే బెదిరించడానికి దాచుకున్నావు.”

ఉదయ్ కాదనలేదు. విజయ్ పాల్ ఆ క్షణం దాకా అతను కాదంటాడేమోనని ఎదురుచూశాడు.

అప్పాయమ్మ కూర్చున్నచోటి నుంచే అడిగింది.

“మీ మావయ్యకి ఆయాసం వచ్చి ఆగిపోతుంటే, మంచినీళ్ళు తాగించి మళ్ళీ మాట్లాడమన్నది నువ్వే కదా నాన్నా. ఆ మైకు చొక్కాకి పెట్టింది నువ్వే కదా.”

“అత్తా...”

“బార్జి మీద ఒక్క దీపం కూడా లేదని ఆయన చెబుతుంటే నువ్వు ఏడ్చావు. నేను చూశాను. అది కూడా ఉత్తుత్తి ఏడుపేనా?”

ఉదయ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆమె ముఖం తిప్పుకుంది.

కార్డు అటక మీద దొరికింది. పంచనామా రాసి సీలు వేశారు. దాన్ని కోర్టు ద్వారా విచారణ అధికారికి పంపడానికి మూడు వారాలు పట్టింది. విచారణ అందాకా వాయిదా పడింది. చివరికి విచారణ గదిలో తెర మీద వీరబ్రహ్మం మంచం మీద కూర్చుని, వెనక తన వలా, పొయ్యీ, గోడ మీద పిల్లల ఫొటోలూ కనిపిస్తుండగా, బార్జి ఎటునుంచి వచ్చిందో చెయ్యి చాపి చూపించాడు. కంపెనీ తరఫు వకీలు అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు అందులో ఉంది. ఉదయ్‌తో మాట్లాడిన మేనేజరు మీద కూడా కేసు నమోదైంది. అప్పాయమ్మ ఆ వీడియో చివరిదాకా చూసి, ఇంకోసారి వెయ్యమని అడిగింది.

కానీ ఆ ఆదివారం ఇవేవీ విజయ్ పాల్‌కి తెలియవు. బేబీ ఇంటి అరుగు మీద నిలబడి అతను ఒక్కటే అడిగాడు.

“స్టేషన్‌కి కాకుండా నాకెందుకు ఫోన్ చేశావు?”

ఉదయ్ చెప్పులు వేసుకుంటూ అన్నాడు.

“నువ్వయితే నన్ను అనుమానించవని.”

కెమెరా కొనేటప్పుడు పడవ కుదుపులకి ఏది తట్టుకుంటుంది, చీకట్లో ఏది చూస్తుంది అని వెతికినవాడు, పోలీసుని ఎంచుకునేటప్పుడు మాత్రం చూడనివాణ్ణి వెతికాడు. హాస్టల్ చాపలు, పెళ్ళి, నాన్న పెట్టె, అన్నీ లెక్కలోకి తీసుకునే వెతికాడు. అతని అంచనా దాదాపు నిజమే అయింది. నిన్న ఆ టీవీ ముందు నుంచి లేచిపోయి ఉంటే పూర్తిగా నిజమయ్యేది.

కానిస్టేబుల్ జీపు తలుపు తీశాడు. వీధిలో నలుగురు పోగయ్యారు.

“ఒరేయ్ విజయ్,” అన్నాడు ఉదయ్, గొంతు తగ్గించి. “వీళ్ళందరి ముందూ వద్దురా. నేను వెనకాల బండి మీద వస్తాను. నా మాట మీద నమ్మకం లేదా?”

విజయ్ పాల్ టోపీ పెట్టుకున్నాడు.

“ఉదయ్‌కుమార్ గారూ,” అన్నాడు. “మీరు జీపు ఎక్కండి.”