ఏడో కుర్చీ

రెండో గ్లాసులో వైన్ సగం వరకే పొయ్యాలి. అడుగున రుచిని పసిగట్టే బిళ్ళ, రుచిగ్రాహి, మునిగితే చాలు. పిచ్చేశ్వరరావు సీసా మూతి తుడిచి, ఎదురు కుర్చీని మేల్కొలిపాడు. మసక వెలుగు మనిషి ఆకారం కట్టింది. అరవై నాలుగో అంతస్తు అద్దాల కింద హైదరాబాదు మధ్యాహ్నపు ఎండకు పాలిపోయి ఉంది. హాలులో ఇరవై బల్లలు. ప్రతి బల్ల దగ్గరా తినేవాడొకడు, తోడుగా చనిపోయినవారి గొంతూ మనసూ అచ్చుపోసిన ముద్ర ఒకటి.

ఏడో కుర్చీలోని ముద్ర నాంచారమ్మది. అతని భార్య. పోయేముందు ఆసుపత్రిలో సంతకం పెట్టి ముద్ర ఇచ్చింది, అతనికి చెప్పలేదు. ఆ గొంతు కోసమే అతనీ ఉద్యోగంలో చేరాడు. వడ్డించేవాళ్ళు ముద్రలతో మాట్లాడకూడదు. మూడేళ్ళుగా అతను మాట్లాడలేదు.

"ఏమక్కా, వైన్ ఎట్లుంది?" అన్నాడు నేటి అతిథి, మూడు ఉంగరాల బిల్డరు. "చెప్పుండ్రి, సిగ్గెందుకు?"

"చాలా బాగుంది తమ్ముడూ. పండిన నేరేడు వాసన."

బతికున్నప్పుడు అతని నోట మందు వాసన వస్తే ఆమె గుమ్మం బయటే నిలబెట్టేది. మొదటి ఏడాది ఇదే కుర్చీలోంచి, "ఛీ, ఇది మనుషులు తాగేదేనా?" అంది. అతిథులు నవ్వారు. ఆనక ఫిర్యాదు చేశారు. ముద్ర పూటపూటకీ తినేవాడి ఇష్టంవైపు కొంచెం ఒరుగుతుంది. ఒరిగింది వెనక్కి రాదు.

"మటన్ల ఉప్పు తక్కువైంది గదా?"

"అవును తమ్ముడూ, తక్కువైంది."

"ఏ, మంచిగనే ఉంది."

"అవును, బాగానే ఉంది."

బిల్డరు పగలబడి నవ్వాడు. "మా ఇంట్లామె గిట్ల ఉంటే ఎంత మంచిగుండు!"

భోజనం మధ్యలో లేస్తే ముద్ర పూర్తిగా చెరిగిపోతుంది. తయారుచేసినవాళ్ళు దానికి తాళమేమీ వెయ్యలేదు. అన్నం ముందు కూర్చున్న మనిషిని ఎవరూ లేపరని వాళ్ళ ధీమా.

పిచ్చేశ్వరరావు నాంచారమ్మను లేపేవాడు. ముప్పై ఏళ్ళు. నీళ్ళనీ, చొక్కా అనీ. ఆమె ముద్ద వదిలేసి లేచేది. లేపినందుకు ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. దాన్ని అతను ఒప్పుదల అనుకున్నాడు.

సీసా బల్లమీద పెట్టాడు.

"నాంచారీ, లే."

"ఏయ్, ఎవరయ్యా నువ్వు?" అన్నాడు బిల్డరు. పిచ్చేశ్వరరావు చెవిలోని ఇయర్‌ఫోన్‌లో మేనేజరు గొంతు అరుస్తోంది.

"చాల్లే. లేచిరా."

మసక వెలుగు అతనివైపు తిరిగింది.

"పీకలమీద కూర్చుంటారు, ఒక్క పూటైనా తిననివ్వరు కదా!" అంది నాంచారమ్మ. "ఉండండి, చెయ్యి కడుక్కుని వస్తా."

కుర్చీ ఖాళీ అయింది. అతను అక్కడే నిలబడ్డాడు.

పదకొండో కుర్చీలోంచి మరో ముద్ర, ఎవరో ముసలాయన, మెల్లగా అడిగాడు. "బాబూ, నేనూ లేవచ్చా?"

ఆ వెనక మూడో కుర్చీ అడిగింది. ఆ వెనక అన్నీ.