మూడో కాపీ

"ఈ పెట్టెకి ఎన్ని గుండెలు?" అని అడిగింది ఆ అమ్మాయి.

మా షాపులో స్టోరేజ్ పెట్టెలు అమ్మడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. వచ్చినవాళ్లు ఎన్ని ఫొటోలు పడతాయని అడుగుతారు, వారంటీ ఎన్నేళ్లని అడుగుతారు. గుండెలు లెక్కపెట్టినవాళ్లు అంతకుముందు లేరు.

"రెండండి. లోపల రెండు డిస్కులుంటాయి. మీరు ఏది దాచినా రెండిట్లోనూ పడుతుంది. ఒకటి పాడైనా రెండోది పనిచేస్తుంది. ఇంట్లో వైఫై రౌటర్‌కి తగిలించేస్తే ఫోన్‌లోంచి, లాప్‌టాప్‌లోంచి, ఏ గదిలోంచైనా తీసుకోవచ్చు."

"రెండూ పాడైతే?"

"అవ్వవండి."

"అయితే?"

రెండు వీధుల అవతల కళ్లజోళ్ల షాపులో కంటి పరీక్షలు చేస్తుందట. ఆమె చూపు కూడా అలాగే ఉంది. అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టి, చివరి వరస చదవమన్నట్టు చూస్తుంది.

ఆ చివరి వరస నాకు కంఠతా వచ్చు. 'మూడో కాపీ ఒకటి వేరేచోట పెట్టుకోండి' అని రోజూ పదిమందికి చెబుతాను. ఆ రోజూ నోటిదాకా వచ్చింది. కానీ ఆమె అప్పటికే పదకొండు ప్రశ్నలడిగింది. పన్నెండోదానికి నీళ్లు నమిలితే ఇటునుంచి ఇటే పక్క షాపుకి వెళ్లిపోతుందనిపించింది. గొప్పకి పోయాను.

"అవ్వవు. నాది పూచీ."

ఆమె ఫోన్ తీసి నా నంబర్ అడిగింది. "పేరు 'పూచీ' అని పెట్టుకుంటున్నా. మాట తప్పితే పేరు మారుస్తా."

మర్నాడు సాయంత్రం పెట్టె తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసినాయన్ని చూడగానే నా కాళ్లు వెనక్కి పడ్డాయి. నాకు కారు నేర్పిన డ్రైవింగ్ మాస్టారు. ఆమె ఆయన కూతురట.

"క్లచ్ మెల్లగా వదలవయ్యా, అది నీకేం అపకారం చేసింది?" అని ఆయన అరిస్తే అద్దాలు ఎక్కించి ఉన్నా వీధి చివరిదాకా వినపడేది. ఊళ్లో సగంమంది ఆయన దగ్గర తిట్లు తిన్నవాళ్లే, నేనూ ఒకణ్ణి. ఆ గొంతు ఆ రోజు బొంగురుపోయి, ఒక్కో మాటా తోస్తే గాని కదలడం లేదు.

"పూచీ ఇచ్చింది నువ్వేనా?" అన్నారు. "లైసెన్స్ పరీక్ష రెండుసార్లు తప్పినవాడివి."

సంగతి అప్పుడు తెలిసింది. మాస్టారి గొంతులో జబ్బు. పన్నెండు రోజుల్లో ఆపరేషన్. ప్రాణానికి భయం లేదు కానీ ఆ తర్వాత మాట ఉండదు. ముందుగానే ఆరువందల వాక్యాలు చదివి రికార్డు చేసి ఇస్తే, వాటినుంచి ఆయన గొంతులాంటి గొంతు తయారుచేసే కేంద్రం ఒకటుంది. తర్వాత ఆయన ఏది టైపు చేసినా ఫోను ఆ గొంతుతో పలుకుతుంది. ఆ ఆరువందల వాక్యాలు దాచడానికే ఈ పెట్టె.

పెట్టె అమర్చడానికి గంట చాలు. నేను పన్నెండు రోజులు వెళ్లాను.

మైకు పట్టుకోవడానికని, ఫ్యాను ఆపడానికని, ఏదో ఒక వంక. మాస్టారు రోజుకి యాభై వాక్యాలు చదివేవారు. ఆయన అక్కగారు పక్కగదిలోంచి ఒక్క గిన్నె కూడా చప్పుడు కానిచ్చేవారు కాదు. ఆ అమ్మాయి ఆవిణ్ణి అత్తయ్య అంటుంటే నేనూ "అత్తయ్యగారూ, కాస్త మంచినీళ్లు" అన్నాను.

"ఆవిడ నాకు అత్తయ్య," అంది ఆ అమ్మాయి. "మీకెప్పుడయ్యింది?"

"పిలవనీవే. నోరారా పిలిచేవాళ్లు ఎవరున్నారు?" అన్నారావిడ.

ఆఖరి రోజు జాబితా పూర్తయ్యాక మాస్టారు మమ్మల్ని బయటికి పంపి తలుపేసుకున్నారు. గంటసేపు ఒక్కరే ఏవేవో రికార్డు చేసుకున్నారు. ఆ ఫోల్డర్‌కి 'సొంతం' అని పేరు పెట్టారు.

"లాప్‌టాప్ నిండిపోయింది. ఇందులోవి తీసేయొచ్చా?" అని ఆమె అడిగింది.

"తీసేయండి. పెట్టెలో ఉన్నాయిగా."

ఆ మాట అన్నది కూడా నేనే.

ఆపరేషన్ బాగా జరిగిందని మెసేజ్ పెట్టింది. ఆ తర్వాత వాళ్లింటికి వెళ్లడానికి నాకు వంక దొరకలేదు. పెట్టె చక్కగా పనిచేస్తున్నందుకు దాన్ని తిట్టుకున్న రోజులున్నాయి. నలభై రోజులు గడిచాక, వాన ముంచుకొస్తున్న ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"పూచీగారూ, పెట్టె మీద ఎర్రలైటు వెలుగుతోంది. కూస్తోంది కూడా."

"ఎప్పట్నించి?"

"మూడు రోజుల్నించి."

"మూడు రోజులా? వినపడలేదా?"

"అందరికీ వినపడింది. నాన్నే అనుకున్నాం."

మాట లేని మనిషికి మంచం పక్కన పిలుపు బజర్ ఒకటి పెట్టారు. నొక్కితే 'పీ' మంటుంది, అత్తయ్య పరుగెత్తుతుంది. మూడు రోజుల కిందట పెట్టె కూయడం మొదలుపెట్టింది. అదీ 'పీ' మనే. అత్తయ్య వెళితే మాస్టారు నేను నొక్కలేదని చెయ్యి ఊపుతారు. ఆవిడ తిరిగి వంటింటికి చేరేలోపు మళ్లీ 'పీ'. చిన్నప్పటి ఆకతాయితనం పోలేదని ఆవిడ, ఈవిడకి చెవులు చెడ్డాయని ఆయన. ఆయన పలక మీద రాసి, ఆవిడ నోటితో అరిచి, మూడు రోజులు పోట్లాడుకున్నారు. చివరికి ఆవిడ బజర్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. అయినా 'పీ' మంది. అప్పుడు వెతికితే పుస్తకాల వెనక ఎర్రలైటు కనిపించింది.

నాకు నవ్వు రాలేదు. ఒక డిస్కు పోయి మూడు రోజులైంది. రెండోది దాని ఈడుదే, ఒకేరోజు ఒకే అట్టపెట్టెలోంచి నా చేత్తో తీసి పెట్టాను.

"దేన్నీ ముట్టుకోకండి. స్విచ్ కూడా ఆపొద్దు. వస్తున్నా."

కరెంటు పోయినా కాసేపు నడిపే యూపీఎస్ ఒకటి రెయిన్‌కోటు కింద పెట్టుకుని స్కూటర్ తీశాను. కోటు దానికే సరిపోయింది. నేను మాత్రం ముద్దముద్దగా తడిసి వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను.

ఆమె తువ్వాలు ఇచ్చింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

పెట్టె వెనక ఖాళీగా ఉన్న రెండో కరెంటు పిన్నుకి యూపీఎస్ తగిలించి, లాప్‌టాప్‌కి నేరుగా వైరు కలిపి, పెట్టెకి చెవి ఆనించాను. రెండో డిస్కు లోపల టిక్కు టిక్కుమంటోంది. అంటే అదీ వెళ్లే దారిలోనే ఉంది.

"కొత్త డిస్కు పెట్టరా?" అంది.

"పెడితే, దాన్ని నింపడానికి ఇది మొదట్నించి చివరిదాకా తనలో ఉన్నదంతా చదివి ఇవ్వాలి. అంత ఓపిక దీనికి లేదు. ముందు మనకి కావలసినవి లాప్‌టాప్‌లోకి లాగేద్దాం. కేంద్రానికి పంపేశారా?"

"వచ్చేవారం రమ్మన్నారు. అన్నీ ఒకేసారి ఇవ్వాలట. ఇంకెక్కడా లేవు. మీరు తీసేయమన్నారు."

"అవును," అన్నాను.

రెండు ఫోల్డర్లు. జాబితా, సొంతం. రెండూ పూర్తయ్యేదాకా ఈ డిస్కు నిలుస్తుందన్న నమ్మకం లేదు.

"ఏది ముందు?" అన్నాను.

"సొంతం," అంది ఆమె వెంటనే. "అవి నాన్న తనంతట తను చెప్పిన మాటలు."

మాస్టారు మంచం మీంచి లేచి వచ్చి పలక మీద రాశారు: 'జాబితా. రెండోది కబుర్లు.'

"నాకు కబుర్లే కావాలి నాన్నా."

ఆయన 'జాబితా' కింద గీత గీశారు. సుద్దముక్క విరిగింది. ఆరువందల వాక్యాలు దక్కితే రేపటినుంచి ఆయన కొత్త మాటలు మాట్లాడగలరు. అవి పోతే పాత కబుర్లు ఎన్ని మిగిలినా అంతే సంగతులు. ఆమెకీ ఆ విషయం తెలుసు. తల పక్కకి తిప్పుకుంది.

జాబితా మొదలుపెట్టాను.

వంద. నూటయాభై. అత్తయ్య గుమ్మంలో నిలబడి గిన్నె తుడుస్తున్నారు. తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తున్నారు. రెండువందల ఎనభై దగ్గర ఉరుము, లైట్లు పోయాయి. చీకట్లో ఏదో 'పీ' మంది.

అందరం మాస్టారి వైపు తిరిగాం. ఆయన రెండు చేతులూ పైకెత్తారు.

"యూపీఎస్ అండి," అన్నాను. "కరెంటు పోయిందని చెబుతోంది. పదిహేను నిమిషాలు పెట్టెని నడిపిస్తుంది."

"ఈ ఇంట్లో ఇంకెన్ని కూస్తాయిరా దేవుడా," అన్నారు అత్తయ్య.

మూడువందలు. నాలుగువందల రెండు దగ్గర ఆగిపోయింది. టిక్కు, టిక్కు. వాన చప్పుడులో కూడా ఆ చప్పుడే వినపడుతోంది. ఆమె నా కుర్చీ వెనకభాగం పట్టుకుంది.

"ఏమైంది?"

"ఒక వాక్యం చదవలేకపోతోంది."

"ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే?"

"మళ్లీ లేవకపోవచ్చు. దాన్ని వదిలేసి ముందుకెళ్దాం."

ఆమె ఒక్కసారి తండ్రిని చూసింది. "వదిలేయండి," అంది.

నాలుగువందల రెండోది వదిలేశాను. నాలుగువందల మూడోది వచ్చింది. అలా తొమ్మిది వదులుకుంటూ, మిగతావి ఏరుకుంటూ ఆరువందలు దాటాం. యూపీఎస్ కూత తొందరపడుతుండగా సొంతం తెరిచాను. అందులో పదిహేడున్నాయి. పది. పన్నెండు. పదిహేనోది వచ్చాక డిస్కు గీ మని ఒక్క గీకు గీకి ఆగిపోయింది. ఇక టిక్కుమనలేదు.

"అయిపోయిందా?" అంది.

"అది అయిపోయింది. ఇక లేవదు."

ఆమె అప్పుడే కేంద్రానికి ఫోన్ చేసింది. తొమ్మిది తక్కువైతే ఫర్వాలేదన్నారు. ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. అత్తయ్య గిన్నె కింద పెట్టారు. సొంతంలో పోయిన రెండింటి గురించి మాస్టారు పలక మీద రాశారు: 'అవి కరెంటు బిల్లు తిట్లు. మళ్లీ రాసిస్తాలే.'

కరెంటు వచ్చింది. దక్కినవన్నీ ఆమె పెన్‌డ్రైవ్‌లోకి ఒకసారి, మాస్టారి ఫోన్‌లోకి ఒకసారి వేశాను. ఆయన ఫోన్ పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయారు. హాల్లో ఇద్దరమే మిగిలాం. నేను ఉండబట్టలేకపోయాను.

"ఇంకో కాపీ వేరేచోట ఉండాలని నాకు ఆ రోజే తెలుసు. అందరికీ చెబుతాను. మీకు చెప్పలేదు."

"ఎందుకు?"

"మీ ప్రశ్నకి తడబడితే వెళ్లిపోతారనుకున్నా. మీరు వెళ్లిపోకూడదనుకున్నా. పని చేతకాక కాదు. మీ ముందు గొప్పకి పోయి మీ నాన్నగారి గొంతు పోగొట్టబోయాను. ఎంత తిట్టినా పడతాను."

ఆమె చూసింది. అదే చూపు, చివరి వరస చదవమన్నట్టు.

"నలభై రోజులు ఒక్కసారీ రాలేదే? అదీ గొప్పేనా?"

ఆ ప్రశ్న నేను అనుకోలేదు. "వంక దొరకలేదు."

"నాన్నని చూడటానికి వచ్చానంటే ఎవరొద్దంటారు?" అంది కోపంగా. తర్వాత పెన్‌డ్రైవ్ వేళ్ల మధ్య తిప్పుతూ, "ఇప్పుడైనా చెప్పండి. ఆ వేరేచోటంటే ఎక్కడ?"

"ఇంకో ఇంట్లో. ఈ ఇంటికి ఏమైనా అక్కడ భద్రంగా ఉండేట్టు."

"ఏ ఇంట్లో?"

జవాబు నాలుక మీదే ఉంది. బయటికి రాలేదు. ఇందాక డిస్కు ఆగినట్టే ఆగిపోయాను.

అప్పుడు లోపలి గదిలోంచి వినపడింది. బొంగురుగా, గట్టిగా, వీధి చివరిదాకా వెళ్లేటట్టు:

"అద్దం చూసుకున్నావా? సిగ్నల్ వేశావా? మరింకెందుకయ్యా ఆగావు, పోనివ్వు. వెనక జనం ఉన్నారు."

సొంతం ఫోల్డర్‌లోది, ఫోన్ సౌండు పూర్తిగా పెంచి వేశారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి చెప్పే పాఠాల్లో ఒకటి. ఎన్నిసార్లు తిన్నానో ఆ తిట్టు. నలభై రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆయన గొంతు పలకడం అదే మొదలు. వంటింట్లో అత్తయ్య చేతిలోంచి గిన్నె జారి దొర్లింది. ఎవరూ తీయలేదు.

ఆమె కళ్లు నిండిపోయాయి. "నాన్నా," అంది, "ఇంకోసారి."

ఆయన ఇంకోసారి వేశారు. 'పోనివ్వు' దగ్గర ఆమె ఏడుస్తూ నవ్వింది. నా వైపు తిరిగింది.

"విన్నావుగా. చెప్పు, ఏ ఇంట్లో?"

"మా ఇంట్లో," అన్నాను. "నువ్వు ఎప్పుడంటే అప్పుడు వచ్చి వినొచ్చు. నీకిష్టమైతే అక్కడే ఉండిపోయి రోజూ వినొచ్చు. మాస్టారు ఒప్పుకుంటే."

గదిలోంచి 'పీ' మంది. పెట్టె ఆగిపోయి చాలాసేపైంది. యూపీఎస్ నోరు మూసుకుంది. అత్తయ్య తాళం తీసి బజర్ ఎప్పుడు తిరిగిచ్చేశారో మరి. "ఒక్కసారి నొక్కితే అవునని అర్థం," అన్నారావిడ వంటింట్లోంచి. "పన్నెండు రోజులు వరసగా అత్తయ్యగారూ అన్నప్పుడే అనుకున్నా."

ఆమె కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది. నా నంబర్ వెతికింది. పేరు మారుస్తానన్న సంగతి నాకూ గుర్తుంది. తల వంచుకుని నిలబడ్డాను.

ఆమె ఫోన్ నా ముందు పెట్టింది. 'పూచీ' అనే ఉంది.

"మార్చడం లేదు," అంది. "ఈసారి మాట తప్పితే తిట్టడానికి మా నాన్నకి గొంతుంది."