హెస్టర్ గుమ్మడికాయను చీల్చిందెవరు?

పెద్ద గుమ్మడికాయల పోటీ రోజు పొద్దున్నే టార్పాలిన్ ఎత్తిన హెస్టర్‌కు, తన గుమ్మడికాయ తొడిమ నుంచి అడుగు దాకా నిలువునా చీలి కనిపించింది.

మామూలు కాయ కాదది. ఇద్దరు చేతులు చాపినా చుట్టు అందదు. ఈసారీ బహుమతి రాకపోతే తోటల సంఘం ఇచ్చిన మడినీ, అక్కడి పనిముట్ల గది తాళంచెవినీ అప్పగించేసి లీడ్స్‌లో అక్క దగ్గరికి వెళ్లిపోతానని ఆమె బ్రాక్‌డేల్ ఊరంతా చెప్పింది. చీలిన కాయను తూకానికి కూడా రానివ్వరు.

కంచె అవతల నెడ్ ఆల్డర్సన్ మడి. అతని గుమ్మడికాయ చెక్కుచెదరలేదు. అతని చేతిలో కత్తి ఉంది.

“ఏంటా కత్తి?”

“కాయను తీగ నుంచి కోయాలిగా.”

“ముందు నాది కోసి చెయ్యి అలవాటు చేసుకున్నావా?”

నెడ్ కంచె మీంచి తొంగి చూశాడు. ముఖం పాలిపోయింది.

“హెస్టర్... నేను కత్తి పెట్టలేదు. ఒట్టు.”

“మరి కళ్లు దించుకున్నావేం?”

“వాన పడుతోంది కదా.”

“నీ ఒక్కడి కళ్లలోనే పడుతోందా?”

నిన్నటిదాకా రోజూ కంచె మీద టీ కప్పు పెట్టి, ఆమె అందుకునేదాకా నవ్వుతూ నిలబడేవాడు. ఆ టీ, ఆ చూపులు అన్నీ తన కాయ మీద నిఘాకేనా? వారంగా గేటు గడియ తను వేసినట్టు ఉండటం లేదు. బురదలో తనవి కాని పెద్ద బూట్ల గుర్తులు. హెస్టర్ టార్పాలిన్‌ను విసిరికొట్టింది. కాయ పోయినందుకే కాదు.

కాయలను పోటీ జరిగే హాలుకు చేర్చడానికి ట్రాక్టరు వచ్చింది. దాని వెంట తోటల సంఘం పెద్ద విల్ఫ్, నలుగురు సభ్యులు. విషయం విని విల్ఫ్ టోపీ తీశాడు.

“ఎవడు చేశాడో వాడు ఓన్ అప్ అయితే మంచిది.”

ఇక్కడి పిల్లలు బడిలో మొదట నేర్చుకునే మాటల్లో అదొకటి. పట్టుబడ్డాక ఒప్పుకోవడాన్ని ఎవరూ అలా అనరు. ఎవరూ వేలు చూపకముందే ముందుకొచ్చి “నేనే” అంటేనే అది ఓన్ అప్.

ఎవరూ కదల్లేదు. హెస్టర్ నెడ్‌నే చూస్తోంది. నెడ్ చీలికను చూస్తున్నాడు.

విల్ఫ్ మోకాళ్ల మీద కూర్చుని చీలికలో వేళ్లు పెట్టాడు.

“కత్తి కాదిది. అంచులు చూడండి, ఎగుడుదిగుడుగా ఉన్నాయి. లోపల్నుంచి పగిలింది. తిండి ఎక్కువైంది అమ్మడూ! ఆశకొద్దీ ఎరువునీళ్లు పోసేశావు.”

“చంటిపిల్లలకైనా అంత తాగించరు,” ఎవరో నవ్వారు.

“నేను ఎప్పుడూ పోసేంతే...” హెస్టర్ ఆగిపోయింది. ఇక వాదించి ఏం లాభం? “నెడ్, నిన్ను అనరాని మాటలన్నాను. క్షమించు.”

జేబులోంచి తాళంచెవి తీసి విల్ఫ్‌కు అందించబోయింది.

నెడ్ మీద ఇప్పుడు ఎవరికీ అనుమానం లేదు. నోరు మెదపకపోతే బహుమతి కూడా అతనిదే. అతను చెయ్యెత్తాడు.

“నేనే.”

“పిచ్చా? నిన్నెవరూ ఏమీ అనడం లేదు,” అన్నాడు విల్ఫ్.

“అందుకే చెబుతున్నాను. వారంగా తెల్లవారకముందే వచ్చి, మా తాత నేర్పిన ఎరువునీళ్లు ఆమె కాయకు పోశాను.”

“ఆల్డర్సన్ల ఎరువునీళ్లా? అవి మీ అల్లుళ్లకు కూడా ఇవ్వరు కదరా!” విల్ఫ్ లేచి నిలబడ్డాడు.

హెస్టర్ తాళంచెవి మీద పిడికిలి బిగించింది. “ఎందుకు పోశావు?”

“నీ కాయ నాదానికంటే వెనకబడిందనిపించింది. ఓడిపోతే వెళ్లిపోతావు. నువ్వు పోస్తున్నావని తెలిసి కూడా పైనుంచి నేనూ పోశాను, అదీ నా తెలివి! పొద్దున చీలిక చూడగానే అర్థమైంది. నువ్వు కత్తి అన్నావు, కత్తి కాదన్నాను, అంతటితో ఆగిపోయాను. పిరికితనం. నా కాయ పోటీకి రాదు. లీడ్స్ వెళ్లకు హెస్టర్. నువ్వంటే నాకు ఇష్టం. ఇది కూడా ఎవరూ అడగలేదు, నేనే చెబుతున్నాను.”