రేవులో కుదిరిన గది

మొదటి బుకింగ్ చేసిన గుమాస్తా మంగళవారం చచ్చిపోయాడు. రెండో బుకింగ్ చేసిన అమ్మాయి గురువారం. ఇద్దరిదీ ఏథెన్సే. ఇద్దరికీ ఒక్కొక్క తూటాయే ఖర్చయింది. పాపం వాళ్ళు చేసిన నేరమల్లా, ఒక తండ్రీకూతుళ్ళకి ఏదో ద్వీపంలో సెలవులకి గది మాట్లాడిపెట్టడం.

శుక్రవారం పొద్దున్న బ్రిగేడియర్ వ్రెత్తోస్ తన ఆఫీసు తలుపు గడియ పెట్టి, ఏజెంట్ కలిరోయి ముందు ఒక ఫొటో పడేశాడు. నలభై ఏళ్ళ బక్కపలచటి మనిషి, అతని భుజాల మీద ఎనిమిదేళ్ళ పిల్ల.

"మిలోష్. రాడార్ ఇంజనీరు. పిల్ల పేరు యిట్కా. యుద్ధనౌకల రాడార్లని గుడ్డివి చేసే పరికరం ఇతని చేతే చేయించింది కోబాల్ట్ ముఠా. దానికి విరుగుడు ఇతని బుర్రలో ఉంది. కూతుర్ని తీసుకుని మన దగ్గరికి పారిపోయి వచ్చాడు."

"మూడో గది ఎక్కడ బుక్ చేశారు సార్?"

"చెయ్యలేదు, చెయ్యం కూడా. రేపు టూరిస్టులా లిథారి ద్వీపంలో ఓడ దిగుతాడు. రేవులో ఎవరి గది నచ్చితే వాళ్ళ వెంట వెళ్తాడు. ఎక్కడ ఉంటాడో అతనికే తెలియనప్పుడు ఇంక బయటికి పొక్కడానికేముంది?"

ఇది మహా తెలివైన ప్లానో, బ్రిగేడియర్ బద్ధకమో కలిరోయికి అర్థం కాలేదు. పైకి మాత్రం తలూపింది.

"సాయంత్రం ఆరింటికి నేవీ బోటు వస్తుంది. ఈలోగా ఆ ఇద్దరి ప్రాణాలకీ నీదే పూచీ. ఓడలో వాళ్ళతో లియాండ్రా ఉంటుంది. మిత్రదేశం పంపిన ఆఫీసరు, పదేళ్ళుగా ఏథెన్స్ లోనే కాపురం. నీకంటే పై హోదా, ఎదురు చెప్పకు. గుర్తుపట్టడం కష్టం కాదులే, మగాళ్ళంతా ఎటు చూస్తుంటే అటు చూడు. 'నీళ్ళు వేడిగా వస్తాయా?' అని అడుగుతుంది. 'ఎండ ఉన్నంతసేపూ' అను."

శనివారం పన్నెండింటికి ఓడ కూత వేసేసరికి మా లిథారి రేవులో పదకొండుమంది 'రూములు అద్దెకు' అని బోర్డులు పట్టుకుని నిలబడ్డారు. పన్నెండోది కలిరోయి. నల్ల గౌను, నల్ల రుమాలు, కళ్ళ కింద పెన్సిలు ముడతలు, అచ్చం మొగుడు పోయిన మనిషి వేషం. బోర్డు కర్రలో ఒక్కటంటే ఒక్క గుండు పట్టే పిస్తోలు. బుట్టలో రొట్టె, ఆ రొట్టె కడుపులో రేడియో. డిపార్ట్‌మెంట్ వాళ్ళు రాత్రంతా కూర్చుని చేసిన ఈ వేషం మా కీరా మరూలీ ముందు అరనిమిషం కూడా నిలవలేదు. కీరా అంటే మా గ్రీకులో 'అమ్మగారు' అని.

"ఎవరి పిల్లవే నువ్వు?" అంది డెబ్భై ఏళ్ళ మరూలీ, పైనుంచి కిందికి చూస్తూ.

"జన్నిస్ కోడలి పిన్ని కూతుర్ని, కీరా. ఆయనకి నడుం పట్టేసిందని, తన గదికి బేరం చూడమని నన్ను పంపాడు."

"వాడికి నడుం పట్టనిదెప్పుడులే! ఆ గది పడమటి వైపు కదూ? ఆగస్టు నెలలో పడమటి గదిలో మనుషుల్ని ఉంచుతాడా, రొట్టెలు కాలుస్తాడా?"

రేవంతా ఘొల్లుమంది. కలిరోయి కూడా నవ్వుతూనే ఒక్కొక్క మొహాన్నీ లెక్కపెట్టుకుంది.

"వీళ్ళంతా రోజూ వచ్చేవాళ్ళేనా, కీరా?"

"పుట్టినప్పట్నుంచీ చూస్తున్న మొహాలే. కొత్తదానివి నువ్వొక్కదానివే."

కలిరోయికి కాస్త ఊపిరాడింది. గదులిచ్చేవాళ్ళలో ముఠా మనిషి లేడు.

ఓడ తలుపు రేవు మీదికి వాలింది. ముందు మిలోష్, అతని చెయ్యి పట్టుకుని యిట్కా. నాలుగడుగుల వెనకాల తెల్ల టోపీ, నల్ల కళ్ళద్దాలు, ఎర్ర గోళ్ళు. బస్తాలు మోసే కూలీలు బస్తాలు దించేసి మరీ చూశారు. లియాండ్రా నేరుగా కలిరోయి దగ్గరికే వచ్చింది.

"నీళ్ళు వేడిగా వస్తాయా?"

"ఎండ ఉన్నంతసేపూ."

"అయితే వద్దులే," అని హోటలు వైపు సాగిపోయింది లియాండ్రా.

మిలోష్ చుట్టూ పదకొండు బోర్డులు మూగాయి. "బాల్కనీలోంచి సముద్రం!" "రేవుకి రెండడుగులు!" "ఫ్రిజ్జుంది, దోమల్లేవు!" "అబద్ధం, దాని ఇంట్లో దోమలు ఫ్రిజ్జులో కూడా ఉంటాయి!" అతను ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి చూశాడు. రెండేళ్ళుగా ఎక్కడ పడుకోవాలో, ఎప్పుడు లేవాలో ముఠావాళ్ళే నిర్ణయించారు. ఇప్పుడు నువ్వే ఎంచుకో అంటే పాపం ఎలా ఎంచుకోవాలో మర్చిపోయాడు.

చివరికి యిట్కాయే తేల్చేసింది. మరూలీ గౌను పట్టుకుని, వచ్చీరాని గ్రీకులో, "మీ ఇంట్లో పిల్లి ఉందా?" అంది.

"పిల్లా? ఆరున్నాయి తల్లీ. వెళ్ళేటప్పుడు రెండు పట్టుకుపో, నీకు పుణ్యముంటుంది."

గది కుదిరిపోయింది.

తనకి బేరం తగల్లేదని మొహం వేలాడేసుకుని కలిరోయి కూడా వెనకాలే వెళ్ళింది. కాసేపు వంటింట్లో కూర్చోనివ్వమంటే మరూలీ తిట్టిపోసి, కూర్చోబెట్టి, చిక్కుళ్ళూ రొట్టే పెట్టింది. తండ్రీకూతుళ్ళకి చెంచాతో చెర్రీ పాకం, పక్కన చల్లటి నీళ్ళు. మూడు కొట్టగానే కిటికీ రెక్కలన్నీ మూసేసింది.

"ఐదున్నర దాకా గిన్నె చప్పుడు వినిపించిందో, చంపేస్తాను."

వేసవిలో మూడు నుంచి ఐదున్నర దాకా చప్పుడు చెయ్యకూడదని మా దేశంలో చట్టమే ఉంది, కాకపోతే అది చంపుతాననదు. మధ్యాహ్నం మూడు దాటితే లిథారిలో కుక్క కూడా మొరగదు. పైన గదిలో తండ్రీకూతుళ్ళు నడుం వాల్చారు. కలిరోయి వంటింటి గడప మీద కూర్చుని వీధి చూస్తోంది. అక్కడినుంచి నలభై మెట్లు వంకర టింకరగా రేవు వైపు దిగుతాయి. చివర్లో ఇళ్ళ కిందుగా ఒక చీకటి సందు.

మూడూ ఇరవైకి పెరటి తలుపు తోసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని లియాండ్రా వచ్చింది.

"ప్లాన్ మారింది. బోటు నాలుగింటికే వస్తోంది. వాళ్ళని నేను తీసుకెళ్తాను."

"నేనూ వస్తాను మేడం."

"వద్దు. వెనకెవరైనా పడ్డారేమో ఇక్కడుండి చూడు. బయట చూశావుగా, ఒక్క పురుగు లేదు. ఇంతకంటే మంచి సమయం దొరకదు."

ఎదురు చెప్పొద్దని బ్రిగేడియర్ ముందే అన్నాడు. లియాండ్రా పైకెళ్ళి వాళ్ళిద్దర్నీ లేపింది. నిద్రకళ్ళతో ఉన్న పిల్లని భుజాల మీద ఎక్కించుకుని మిలోష్ మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

ఒక్క పురుగు లేదు. ఆ మాట కలిరోయికి మింగుడుపడలేదు. ప్రాణాలు కాపాడే మనిషి జనంలో నడిపిస్తుంది గాని, జనం లేని వీధి ఎందుకు వెతుక్కుంటుంది? రొట్టె విరిచి రేడియో అందుకుంది.

"సార్, బోటు టైం మారిందా?"

"ఎవరన్నారు? ఆరంటే ఆరే."

"ముందు ఆ రెండు బుకింగులూ ఎవరి చేత చేయించామో... ఎవరెవరికి తెలుసు సార్?"

"నాకు. లియాండ్రాకి." తర్వాత బ్రిగేడియర్ గొంతు కొంచెం చిన్నదైంది. "అయ్యో దేవుడా."

కలిరోయి కర్ర విరిచి పిస్తోలు తీసింది. కింద చీకటి సందులోంచి ఒకడు వెలుగులోకి వచ్చాడు. స్నానానికి వెళ్తున్న టూరిస్టులా చేతి మీద తువ్వాలు. లియాండ్రా మిలోష్ పక్కనుంచి మెల్లిగా గోడవారకి జరిగింది.

ఒక్క గుండు, ఇద్దరు శత్రువులు. గురి చూస్తే మధ్యలో తండ్రి భుజాల మీద యిట్కా వీపు. కాల్చలేదు. పరిగెత్తినా నలభై మెట్లు. తువ్వాలు పైకి లేస్తోంది.

చూడండి, పదేళ్ళు ఏథెన్స్ లో ఏసీ గదుల్లో బతికిన లియాండ్రాకి తెలియనిది ఒక్కటే. మూసిన కిటికీ అంటే మనిషి లేని కిటికీ అనుకుంది. మా ఊళ్ళో ఆ వేళప్పుడు ప్రతి కిటికీ వెనకా ఒకరు సగం నిద్రలో, పళ్ళు కొరుకుతూ, ఏ దరిద్రుడు చప్పుడు చేస్తాడా అని చెవులు రిక్కించుకుని పడుకుంటారు. కలిరోయికి అది తెలుసు. ఆమె అమ్మమ్మది ఇలాంటి ద్వీపమే.

పిస్తోలు పక్కన పడేసి, మరూలీ రాగి గంగాళం బోర్లించి, గరిటెతో బాదింది.

"లేవండి! ఊరు ఊరంతా చచ్చిందా? లేవండర్రా!"

మా లిథారిలో మధ్యాహ్నం మూడున్నరకి అంత చప్పుడు యుద్ధంలో కూడా కాలేదు. ధడాల్ ధడాల్‌మని కిటికీలు తెరుచుకున్నాయి.

"ఏ గాడిద అది?"

"పసివాడు ఇప్పుడే పడుకున్నాడే, నీ చేతులు విరిగిపోనూ!"

"గంగాళం నాదే! సొట్ట పడిందంటే నీ పని చెప్తా!" ఇది మరూలీ.

చెప్పులు వచ్చాయి. సబ్బు నీళ్ళు వచ్చాయి. కింద తువ్వాలువాడు తలెత్తి చూస్తే ఇరవై కిటికీలు, నలభై కళ్ళు, అన్నీ కోపంగా. వాడి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. సరిగ్గా ఆ క్షణంలోనే మిలోష్ కూతుర్ని దించి కడుపులో దాచుకుని గోడకి ఒదిగిపోయాడు.

"తువ్వాలు కింద తుపాకీ ఉంది!" పైనుంచి ఒక ముసలాయన అరిచాడు. అరిచి ఊరుకోలేదు, కిటికీ మీదున్న తులసి కుండీ తోసేశాడు. కుండీ వాడి భుజం మీద పగిలింది. గుండు వెళ్ళి సున్నం గోడకి తగిలింది. ఆ సందు పైమేడలోనే కాపురముండే మా ఊరి పోలీసు సార్జెంట్ ప్రొకోపిస్ బనీను మీదే దిగివచ్చి వాడి మీద కూర్చున్నాడు. మనిషి నూటపది కేజీలు. సంకెళ్ళు తర్వాత వేసినా కొంపేం మునిగిపోదు.

లియాండ్రా టోపీ సవరించుకుని, ఏమీ ఎరగనట్టు మెట్లెక్కి రాబోయింది. పైమెట్టు మీద కలిరోయి, చేతిలో ఈసారి పిస్తోలు, మధ్యలో ఎవరూ లేరు.

"ఒకటే గుండు ఉంది మేడం. మీకు సరిపోతుంది."

సార్జెంట్ రొప్పుతూ, "ముందు ఆ గంగాళం కొట్టిన మనిషి పేరు రాయాలి," అన్నాడు. కలిరోయి తన కార్డు చూపించింది. "ఏథెన్స్ నుంచి వస్తే మాత్రం? మూడున్నరకా?" అన్నాడు. కిటికీలన్నీ అదే అన్నాయి. అప్పటికింకా నాలుగు కాలేదు కాబట్టి మిగతాదంతా ఐదున్నర తర్వాత తేల్చుకుందామని ఊరు ఏకగ్రీవంగా తీర్మానించింది. ఒక్కొక్క రెక్కా మూసుకుంది.

నీడలో మెట్టు మీద యిట్కా తండ్రి ఒళ్ళో ముడుచుకుంది. మిలోష్ గోడకి తల ఆనించాడు. పారిపోయి వచ్చాక అతను కంటినిండా నిద్రపోవడం ఇదే మొదటిసారి. వాళ్ళని చూస్తుంటే కలిరోయి కళ్ళు చెమర్చాయి. తుడుచుకుందామంటే పిస్తోలు దించడానికి లేదు.

పక్కనే తువ్వాలువాడు సంకెళ్ళు బిగుతుగా ఉన్నాయని చెప్పబోయాడు. పైనుంచి మరూలీ "ష్!" అంది.

ఐదున్నర దాకా కోబాల్ట్ ముఠా కిక్కురుమనలేదు.